పెరటి తోటలో తంగేడు



పెరట్లో ఏ పూలమొక్క వేసుకుందామని అడిగితే ఒకరు గులాబి అంటారు, ఒకరు మందారం అంటారు, మరొకరు మల్లె అంటారు. తంగేడు వేద్దామన్న మాట మాత్రం ఎవరి నోటా రాదు. "బీళ్లలో మొలిచే చెట్టు గదా, దానికి పెరట్లో చోటెందుకు?" అంటాము. అయితే భాద్రపద అమావాస్య దగ్గరపడేసరికి ఇదే తంగేడు కోసం కొత్తపేట, దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ బజార్లలో ఆడపడుచులు వెదుక్కుంటారు. పిడికెడు కట్టకు అమ్మేవాడు చెప్పిందే ధర. తెల్లవారి తెచ్చిన పూవు మధ్యాహ్నానికి వాడిపోయి ఉంటుంది. అయినా కొనక తప్పదు. తంగేడు లేని బతుకమ్మ ఏమి బతుకమ్మ?

ఈవేళ చెప్పదలచిన సంగతి ఇది. పట్నం చుట్టుపక్కల తంగేడు తనంత తానుగా మొలిచే చోట్లు తరిగిపోతున్నాయి. ఇకమీదట అది మనము విత్తిన చోటనే ఉంటుంది. విత్తడం కష్టమైన పని కాదు. నాటి నిలదొక్కుకున్న తర్వాత దాన్ని ఊరికే వదిలిపెట్టడమే మనకు కష్టం. ఆ రెండూ ఎలాగో చూద్దాం.

తంగేడు ఎలాంటి మొక్క?

తంగేడు ఈ నేల మొక్క. మన దేశంలోని మెట్ట సీమలు, శ్రీలంక దాని పుట్టిళ్లు. తమిళులు దీన్ని ఆవారం అంటారు. మహారాష్ట్రులు తరవడ అంటారు. ఎడారి నేల రాజస్థాన్‌లో ఆవల్ అని, శ్రీలంకలో రణవర అని పేర్లు. శాస్త్రజ్ఞులు పూర్వం కాసియా ఆరిక్యులేటా అనేవారు, ఇప్పుడు సెన్నా ఆరిక్యులేటా అంటున్నారు. ఆరిక్యులేటా అంటే చెవులు గలది అని అర్థం. ఆకు కాడ కొమ్మను అంటుకున్న చోట చెవితమ్మెల్లాగా రెండు చిన్న రెక్కలు ఉంటాయి. ఆ గుర్తు మరచిపోకండి, ముందు ముందు పనికివస్తుంది.

2014 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం తంగేడును రాష్ట్ర పుష్పంగా, జమ్మిని రాష్ట్ర వృక్షంగా ప్రకటించింది. రెండూ వానకు ఎదురుచూసే నేలలో బతకగలిగినవే.

ఒకప్పుడు తంగేడుకు పూవు కంటె బెరడు వల్లనే ఎక్కువ పేరు. దాని చెక్కలో తోలును పదును చేసే వగరు పదార్థం, అంటే టానిన్, మెండుగా ఉంటుంది. మన ఊళ్లలో మాదిగవారు లందలలో తంగేడు చెక్క నానవేసి, ఆ నీళ్లలో తోళ్లు ఊరబెట్టి పదును చేసేవారు. మోటకు తొండం కావాలన్నా, కాలికి చెప్పు కావాలన్నా తంగేడు చెక్క లేనిది జరిగేది కాదు. మద్రాసు వైపు తోళ్ల కార్ఖానాలకు కూడా ఈ చెక్క పోయేది. 20వ శతాబ్దంలో దక్షిణాఫ్రికా నుంచి వాటిల్ అనే చెట్టు బెరడు దిగుమతి అయి తంగేడు చెక్కకు గిరాకీ తగ్గించింది. కరెంటు మోటారు వచ్చి తోలు మోటను మూలపెట్టింది. ఆ విధంగా పనిలో ఉన్న మొక్క కాస్తా మన కళ్లకు పిచ్చి మొక్క అయిపోయింది.

వాన లేకున్నా ఎలా నిలుస్తుంది?

తంగేడు మొలక పైకి పెరగడానికి తొందరపడదు. ముందు తల్లివేరును లోపలికి దింపుతుంది. పైన మట్టి ఎండి బీటలు వారినా, అడుగున ఉన్న కాస్త పదునును ఆ వేరు అందుకుంటుంది. ఆకులు చిన్నవి గనుక నీరు ఎక్కువ ఆవిరి కాదు. మరీ ఎండ ముదిరితే కొంత ఆకు రాల్చి ఊరుకుంటుంది. మొదలంటా నరికినా, వాన పడగానే మొద్దు నుంచి చిగుళ్లు వేస్తుంది. గొర్రెలూ మేకలూ పశువులూ సాధారణంగా దీన్ని ముట్టవు. కంచె లేని చోట కూడా బతికి బట్టకట్టడానికి అది ఒక కారణం.

మరి ఇంత గట్టి మొక్క ఎందుకు తగ్గుతున్నది? మొదటి కారణం నేల. కొత్తపేట చుట్టుపక్కల నేల ఎలా మారిందో మీకు తెలుసు. ఎల్.బి.నగర్, గడ్డిఅన్నారం పురపాలక సంఘాలు 2007లో గ్రేటర్ హైదరాబాదులో కలిశాయి. కొత్తపేట పండ్ల మార్కెట్టు 2021లో హయత్‌నగర్ అవతల బాటసింగారానికి తరలిపోయింది. పట్నం జరిగిన కొద్దీ చెలకలు, బీళ్లు ఇళ్ల స్థలాలవుతున్నాయి. ఈ సీమ పూర్వం ఎలా ఉండేదో కొంతైనా తెలుసుకోవాలంటే వనస్థలిపురం దగ్గరి మహావీర్ హరిణ వనస్థలి జాతీయ వనాన్ని చూడాలి. అక్కడ పొదలు, గడ్డి, కృష్ణజింకలు ఇంకా ఉన్నాయి. అది రక్షిత వనం. అక్కడ పూవు కోయడానికి గాని, గింజ ఏరడానికి గాని చట్టం ఒప్పుకోదు.

రెండో కారణం మన చేతిలోనే ఉంది. తంగేడు పూలు కొమ్మల కొసల్లో గుత్తులుగా పూస్తాయి. పూత నిండుగా ఉండే రోజులూ, పండుగ రోజులూ ఒక్కటే. కొమ్మ కొస విరిచామంటే ఆ కొసన ఆ ఏడు కాయ లేదు, గింజ లేదు. ఊరి చుట్టూ బీడున్న కాలంలో పది కొమ్మలు విరిస్తే నూరు కొమ్మలు మిగిలేవి. ఇప్పుడు నాలుగు పొదలుంటే నలభైమంది విరుస్తారు. ముసలి పొద చచ్చిపోయేనాటికి దాని పక్కన పిల్ల మొక్క ఉండదు. కనుక పొదకు మూడో వంతు కొమ్మలైనా కాయకు వదలాలి. ఈ మాట పూవు కోసి అమ్మేవారికి ముందు చెప్పాలి. వచ్చే ఏటి రాబడి ఆ కొమ్మల మీదనే ఉంది.

ఇంకొక సంగతి. తంగేడు పూవులో తేనె లేదు. కీటకాలు పుప్పొడి కోసమే వస్తాయి. ఆ పుప్పొడి కూడా ఊరికే రాలదు. పెద్ద నల్ల తుమ్మెద పూవును పట్టుకొని జుమ్మని అదిరిస్తే, కేసరాల కొసన ఉన్న సన్నని రంధ్రాల నుంచి రాలుతుంది. తుమ్మెదలు రాని చోట పూత ఎంత ఉన్నా కాయలు పలచనే. అందుచేత పూత మీద పురుగు మందు చల్లకండి. ఆకులు తినే పచ్చ పురుగులు కనిపిస్తే కంగారుపడనక్కర లేదు. వాటిలో చాలా మటుకు పసుపుపచ్చ సీతాకోకచిలుకల పిల్లలు. అవి నాలుగు ఆకులు తిన్నా పొద మళ్లీ చిగురిస్తుంది.

సరైన మొక్కను గుర్తించండి

పచ్చపూలు పూసేదల్లా తంగేడు కాదు. రోడ్ల పక్కన చెట్టుగా పెరిగే సీమ తంగేడు వేరు. సునాముఖి అనే నేల తంగేడు వేరు, దాని ఆకు విరేచనకారి. కసివింద ఆకు నలిపితే చెడు వాసన వస్తుంది, రెమ్మకు నాలుగైదు జతల ఆకులే ఉంటాయి. తగిరిసకు మూడు జతలు, కాయ సన్నగా కొడవలిలాగా ఉంటుంది. అసలు తంగేడుకు రెమ్మకు సుమారు 8 నుంచి 12 జతల చిన్నాకులు, కాడ మొదట చెవులు, కాగితంలాగా బల్లపరుపుగా ఉండే కాయ. ఈ మూడు గుర్తులూ చూసిన తర్వాతనే గింజ ఏరండి.

విత్తనం

పండుగ పూత కాయగా మారి ముదిరేసరికి చలికాలం వస్తుంది. డిసెంబరు నుంచి మార్చి వరకు గోధుమ రంగుకు తిరిగి ఎండిన కాయలు ఏరవచ్చు. ఒక్కొక్క కాయలో సుమారు 12 నుంచి 20 గింజలుంటాయి. ఒకే పొదను దులిపివేయక, నాలుగైదు పొదల నుంచి కొంచెం కొంచెం తీసుకోండి. ఎవరి గట్టు మీదిదైతే వారిని అడిగి తీసుకోండి. పురుగు తొలిచిన గింజలు ఏరిపారేసి, మంచివి నీడన ఆరబెట్టి, ఎండిన వేపాకు కలిపి డబ్బాలో పోసుకోండి.

తంగేడు గింజకు పైపొర గట్టిది. అట్లే విత్తితే కొన్ని ఈ ఏడు మొలుస్తాయి, కొన్ని రెండేళ్లకు మొలుస్తాయి. బీడులో అది దానికి మంచిదే, ఒక ఏడు కరువు వచ్చినా విత్తు మిగులుతుంది. తోట వేసుకునే మనకు మాత్రం ఒక్కసారిగా మొలవాలి. నీళ్లు మసలకాచి పొయ్యి మీద నుంచి దించండి. నిమిషం ఆగి గింజలు అందులో వేసి, తెల్లవారే దాకా ఉంచండి. పొయ్యి మీద ఉండగా మాత్రం వేయకండి, గింజ ఉడికిపోతుంది. తెల్లవారి ఉబ్బిన గింజలు విత్తుకు సిద్ధం. ఉబ్బనివాటిని గరుకు రాతి మీద కొంచెం రుద్ది మళ్లీ ఒక రాత్రి నానవేయండి.

మొక్కలు పెంచి నాటాలంటే మార్చి, ఏప్రిల్ నెలల్లో లోతైన సంచుల్లో విత్తాలి. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు చివికిన పశువుల ఎరువు చాలు. సంచికి రెండు గింజలు, అరంగుళం లోతు. వారం పది రోజుల నుంచి మొలకలు కనిపిస్తాయి. తల్లివేరు త్వరగా దిగుతుంది గనుక మొక్కను సంచిలో ఎక్కువ కాలం ఉంచకూడదు. వేరు అడుగున చుట్టుకున్న మొక్క తర్వాత లోతుకు పోలేదు. జూన్ దాటి జూలైలోగా నేలలో పడాలి.

అంతకంటె మంచి పద్ధతి ఉన్నచోటనే విత్తడం. తొలకరి గట్టిగా పడి నేల బెత్తెడు తడిసిన తర్వాత చోటుకు మూడు గింజలు వేసి, మొలిచిన వాటిలో బలమైనది ఒకటి ఉంచి మిగిలినవి తీసివేయండి. వేరు విరగదు, సంచి ఖర్చు లేదు.

నాటే చోటు, నీళ్ల లెక్క

తంగేడుకు కావలసింది ఎండ. రోజుకు ఆరు గంటలైనా నేరుగా ఎండ పడాలి. రెండు మేడల సందున, నీడపట్టున వేస్తే సన్నగా సాగి పూత పూయదు. ఎర్ర చెలక నేల, గరప నేల, రాళ్ల నేల, అన్నీ ఒప్పుకుంటుంది. ఒప్పుకోనిది నీరు నిలిచే పల్లం.

కాలనీలలో ఇంటి చుట్టూ ఉండేది చాలాచోట్ల అసలు మట్టి కాదు, ఇల్లు కట్టగా మిగిలిన సిమెంటు పెళ్లలు, ఇటుక ముక్కలు. అడుగున్నర లోతు, అడుగున్నర వెడల్పు గుంట తీసి పెళ్లలు ఏరివేయండి. తీసిన మట్టిలో బుట్టెడు చివికిన ఎరువు కలిపి గుంట నింపండి. యూరియా అవసరం లేదు. బలం ఎక్కువైతే ఆకు పెరుగుతుంది, పూత తగ్గుతుంది. మామూలు పూలమొక్కకు చేసినట్టు మొదట్లో పాదు పల్లం చేయకుండా, మట్టి కాస్త మెరకగా ఎగదోయండి. గోడకు మూడడుగుల దూరం, విడి మొక్కలైతే ఒకదానికొకటి ఐదారడుగులు, కంచెగా కావాలంటే మూడడుగులు.

మొదటి ఏడు వానలు వెనుకబట్టితే వారానికి ఒకసారి నీరు పోయండి. మొదటి వేసవిలో మొక్కకు వారానికి ఒక బకెట్టు, అంటే సుమారు 10 లీటర్లు, ఒకేసారి నిదానంగా లోతుకు దిగేటట్టు పోయాలి. దినం తప్పి దినం చెంబెడు పోస్తే వేరు పైపైనే తిరుగుతుంది, లోతుకు పోదు. రెండో వేసవి నుంచి నేలలో ఉన్న మొక్కకు నీరు మానివేయండి. ఆకు రాలిందని జాలిపడి రోజూ పోయకండి సుమా! అలా వేరు కుళ్లి చచ్చే ప్రమాదం ఉంది.

ఈ లెక్క చూడండి. ఇంటి ముందు 20 చదరపు మీటర్ల పచ్చిక ఉన్నదనుకుందాం. ఎండాకాలంలో చదరపు మీటరుకు రోజుకు 5 లీటర్లు పోసినా రోజుకు 100 లీటర్లు. 90 రోజులకు 9,000 లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకర్లు దగ్గర దగ్గర రెండు. అదే చోట ఐదు తంగేడు మొక్కలు వేస్తే మొదటి వేసవిలో 12 వారాలకు 600 లీటర్లు, తర్వాత ఏమీ లేదు. హైదరాబాదులో ఏడాదికి కురిసే వాన సుమారు 800 మిల్లీమీటర్లు. ఆ 20 చదరపు మీటర్ల మీద పడేదే 16,000 లీటర్లు. దాన్ని కాలువలోకి పోనీయక నేలలో ఇంకనిస్తే తంగేడుకు అది చాలు. బోరు అడుగంటిన వీధిలో ఈ తేడా చిన్నది కాదు.

నేల లేనివారు డాబా మీద పెంచుకోవచ్చునా? పెంచుకోవచ్చు. రెండడుగుల లోతున్న తొట్టి, అడుగున నాలుగు బెజ్జాలు ఉండాలి. అయితే తొట్టిలో వేరు లోతుకు పోయే దారి లేదు. కనుక అక్కడ వేసవిలో వారానికి రెండుసార్లు నీరు పోయక తప్పదు. తొట్టి మొక్క నేల మొక్కంత కరువుకు ఓర్చదు.

కత్తిరింపు, పూత

సాధారణంగా రెండో ఏట పూత మొదలవుతుంది. పూత కొమ్మ కొసన వస్తుందని ముందే అనుకున్నాం గదా. కత్తిరింపు రహస్యమంతా అందులోనే ఉంది. కాయలు ఏరుకున్న తర్వాత, తొలకరికి ముందు, పొదను అడుగున్నర ఎత్తుకు నరకండి. వానలకు కొత్త కొమ్మలు గుంపుగా లేస్తాయి. ఎన్ని కొమ్మలైతే అన్ని పూగుత్తులు. జూలై దాటిన తర్వాత మాత్రం కత్తెర పెట్టవద్దు. ఆగస్టులో పొద గుబురుగా ఉన్నదని గుండ్రంగా కత్తిరించామంటే పండుగ పూవును మన చేతులతో మనమే నరికినట్టు. కాలనీ సంఘాల తోటమాలులకు ఈ మాట ప్రత్యేకంగా చెప్పాలి.

పెరటి తంగేడు మొదట్లో గుణుగు గింజలు నాలుగు చల్లుకుంటే రెండు పూలూ ఒకే ఋతువులో చేతికి వస్తాయి. కాని గుణుగు చేలలో కలుపు మొక్క అని రైతులకు తెలుసు. పంట చేని గట్టున దాన్ని చల్లకండి.

రైతులకు, విస్తరణ కార్యకర్తలకు

అబ్దుల్లాపూర్‌మెట్, ఇబ్రహీంపట్నం, యాచారం వైపు మెట్ట రైతులకు తంగేడు గట్టు మొక్కగా పనికివస్తుంది. రెండు గజాలకు ఒక మొక్క చొప్పున 100 గజాల గట్టుకు 50 మొక్కలు పడతాయి. గట్టు మట్టిని వేరు పట్టి ఉంచుతుంది. పశువులు మేయవు గనుక కాపలా అక్కరలేదు. పండుగ పూవు బజారుకు పోతుంది. కొమ్మలను నరికి, ఆకును వరి మడిలో తొక్కించడం మన పెద్దలు చేసిన పనే. జిల్లేడు, కానుగ, తంగేడు పచ్చిరొట్టగా పేరు పొందినవే గదా.

ఇక్కడ ఒక భ్రమ తొలగించుకోవాలి. కాయ కాస్తుంది గనుక తంగేడు కూడా కందిలాగా గాలిలోని నత్రజనిని నేలకు చేరుస్తుందని కొందరు అంటారు. ఈ సెన్నా కుటుంబపు మొక్కల వేర్లకు సాధారణంగా ఆ బుడిపెలు ఉండవు. తంగేడు ఆకు వేస్తే ఆ ఆకులో ఉన్న బలమే చేనికి అందుతుంది. నత్రజని కోసమే గట్టు మొక్క కావాలంటే గ్లిరిసిడియా మేలు. 1985లో హైదరాబాదు సంతోష్‌నగర్‌లో ఏర్పడిన కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ గట్ల మీద గ్లిరిసిడియాను ప్రోత్సహించింది. ఆ సంస్థ క్షేత్రం ఒకటి మన హయత్‌నగర్‌లోనే ఉంది. రాతి గట్టుకూ, పండుగ పూవుకూ తంగేడు, ఎరువు ఆకుకు గ్లిరిసిడియా. రెండూ కలిపి వేసుకోవచ్చు.

తంగేడు పూవు కషాయం చక్కెర వ్యాధికి మంచిదని వాడుకలో ఉంది. శ్రీలంకలో రణవర పూల టీ తాగుతారు. అయినా వైద్యుడు ఇచ్చిన మందు మానివేసి కషాయం మీద ఆధారపడకండి. రోజూ మందులు వేసుకునేవారు, గర్భిణులు వైద్యుని అడగకుండా తాగరాదు.

విస్తరణ కార్యకర్తలు చేయవలసింది పెద్ద పథకం ఏమీ కాదు. చలికాలంలో బడిపిల్లలతో కాయలు ఏరించండి. గింజను వేడినీళ్లలో నానవేసే పద్ధతి ఒక్కసారి కళ్లకు చూపండి. వేసవిలో పంచి పెట్టిన మొక్కలు ఎన్నని లెక్క రాసుకోవడంతో సరిపెట్టక, రెండో వేసవి దాటి ఎన్ని బతికాయో లెక్క రాయండి. అసలు లెక్క అది.

ఈ పండుగకు పూవు కొన్నవారు కొనండి. చలికాలం రాగానే మాత్రం ఒక గుప్పెడు కాయలు ఏరి దాచుకోండి. తొలకరికి విత్తితే, ఆ పై ఏటి బతుకమ్మకు మీ వాకిట్లోనే తంగేడు పూస్తుంది. కోసుకోండి, ఇరుగుపొరుగుకూ ఇవ్వండి. మూడో వంతు కొమ్మలు మాత్రం కాయకు వదలడం మరువకండి.